పేల నర్సమ్మ

మా బడికి నర్సుగా వచ్చిన మొదటి రోజే ఆవిడ పెద్ద మేడమ్‌తో పోట్లాడింది. గొడవ గది గురించి. మెట్ల కింద విరిగిన బెంచీలూ, రంగు వెలిసిన పటాలూ పడేసే కొట్టు చూపించి, "ప్రస్తుతానికి ఇందులో సర్దుకోండి" అన్నారు పెద్ద మేడమ్. నర్సు తెల్లకోటు చేతులు పైకి మడిచి, ఒక్కో బెంచీనీ బరబరా ఈడ్చుకొచ్చి పెద్ద మేడమ్ గది గుమ్మం ముందు పేర్చింది. లోపలున్న పెద్ద మేడమ్‌కి బయటికి వచ్చే దారి లేకపోయింది. "నేను సర్దుకున్నాను. ఇవి మీవి, మీరు సర్దుకోండి" అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

ఈ సంగతి స్టాఫ్ రూమ్‌లో చెప్పుకుని అందరం నవ్వుకున్నాం గానీ, ఆవిడంటే ఇష్టపడినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. కళ్ళద్దాలకు నల్లతాడు కట్టి మెడలో వేలాడదీసుకునేది. ఎదుటివాళ్ళు ఏదో తప్పు చేసి దొరికిపోయారన్నట్టే మాట మొదలుపెట్టేది. "మీ క్లాసు కిటికీ గడియ ఊడింది. ఏ పిల్ల వేలో నలిగేదాకా ఆగుతారా?" "మంచినీళ్ళ డ్రమ్ము ఎన్నాళ్ళకోసారి కడుగుతారు, ఎన్నేళ్ళకోసారి?" పదిమందికీ తలలో నాలుకలా మెలిగే తత్వం కాదు. పద్నాలుగేళ్ళు పెద్దాసుపత్రిలో కాలిన గాయాల వార్డులో చేసి వచ్చిందనీ, అక్కడ డాక్టర్లకు కూడా ఆవిడంటే హడలనీ ఎవరో చెప్పారు. అక్కడ ఎవరితోనూ పడక ఇక్కడికి తోలేశారన్నది మాత్రం మేం కల్పించుకున్నదే.

నేను నాలుగో తరగతి టీచర్ని. ఈ కథలో నేను చేసిన పనులు చెప్పుకోదగ్గవి కావు. ఆ మాట ముందే అనేస్తే మిగతాది చెప్పడం నాకు తేలిక.

నా క్లాసులో ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. వాళ్ళలో ఒక పిల్ల తల్లి లాండ్రీలో పని చేసేది. హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రి దుప్పట్లూ బండ్ల కొద్దీ వచ్చిపడే పెద్ద లాండ్రీ అది. పిల్లకు నడుం దాకా జుట్టు. లెక్కలు చకచకా చేసేది. ఒకరోజు నేను తన నోటుబుక్కు దిద్దుతుంటే బల్ల మీదికి వంగి చూస్తోంది. అప్పుడే నేను ఎర్రసిరాతో పెట్టిన టిక్కు మీద ఒక పేను రాలి, మెల్లగా పాకడం మొదలుపెట్టింది.

నేను కుర్చీ వెనక్కి లాక్కున్న చప్పుడుకు క్లాసంతా తలలెత్తి చూసింది. ముందు బెంచీ పిల్లలకు విషయం అర్థమైపోయింది. ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుని కిసుక్కున నవ్వారు. నేను వాళ్ళను ఆపలేదు. ఆ పిల్లను పుస్తకాలు తీసుకుని తలుపు పక్కనున్న చివరి బెంచీకి పొమ్మన్నాను. ఆ బెంచీ మీద అప్పటిదాకా డస్టర్లూ మ్యాపులూ ఉండేవి. సాయంత్రం ఆ పిల్ల డైరీలో ఇలా రాశాను: "మీ అమ్మాయి తల నిండా పేలు. గుండు చేయించి పంపండి. లేకపోతే క్లాసులోకి రానివ్వం." కింద సంతకం చేశాను.

బడి వదిలే వేళకు ఆ కబురు గేటు దాకా పాకింది. నా క్లాసులోనే చదివే ఇంకో పిల్ల తల్లికి బజారులో బ్యూటీ పార్లర్ ఉంది. తల్లిదండ్రుల సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. నా దగ్గరికి వచ్చి, "మంచి పని చేశారు టీచర్. అలాంటి ఇళ్ళనుంచి వచ్చేవాళ్ళను వేరుగానే ఉంచాలి. మా పాపను ఆ వైపు పోనివ్వకండి" అంది. మెచ్చుకుంటే ఎవరికి చేదు. నేను తల ఊపాను.

మూడో రోజు పొద్దున మొదటి పీరియడ్ జరుగుతోంది. వరండాలో పోతున్న నర్సు నా క్లాసు గుమ్మం దగ్గర ఆగి, రెండుసార్లు గాలి పీల్చింది. వాసన నాకూ తగులుతూనే ఉంది. నేల తుడిచే ఆయా ఏదో కలిపి తుడిచిందనుకున్నాను. నర్సు అడగకుండానే లోపలికి వచ్చి, నేరుగా చివరి బెంచీ దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల తలకు కట్టిన గుడ్డ విప్పింది. జుట్టంతా జిడ్డుగా తలకు అంటుకుపోయి ఉంది. కిరోసిన్ కంపు గది నిండా గుప్పుమంది. చెవుల వెనకా మెడ మీదా చర్మం ఎర్రగా పొంగి ఉంది.

"ఈ పిల్ల ఇక్కడ ఒక్కతే ఎందుకు కూర్చుంది?" అంది నావైపు తిరక్కుండానే.

"తలలో పేలున్నాయి సిస్టర్. మిగతా పిల్లలకు ఎక్కుతాయని..."

"ఎట్లా ఎక్కుతాయి, ఎగిరా, దూకా? రెక్కలున్న పేను నువ్వెక్కడన్నా చూశావా?"

ముప్ఫై ఎనిమిది మంది ముందు నన్ను నువ్వు అంది. నాకు తల కొట్టేసినట్లయింది. అంతలోనే ఆ పిల్లను భుజం పట్టి నడిపించుకుంటూ కుళాయి దగ్గరికి తీసుకెళ్ళిపోయింది. సబ్బు పెట్టి కడగడం, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడడం, మళ్ళీ కడగడం. నాలుగుసార్లు అయ్యాక తడి తలతోనే ఆటో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళి చర్మానికి మందు రాయించుకొచ్చింది. వస్తూ దారిలో లాండ్రీ దగ్గర ఆగి తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చింది.

ఆ తల్లి చేతులు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ నర్సు ఆమె మీద విరుచుకుపడింది. "నువ్వు తల్లివా ఇంకేమన్నానా? పిల్ల నెత్తిన కిరోసిన్ పోసి గుడ్డ కడతావా? ఆ తలతో పొయ్యి దగ్గరికి పంపావా పొద్దున?"

ఆమె ఏడవలేదు. సంచిలోంచి డైరీ తీసి బల్ల మీద పెట్టింది. "నాకు చదువు రాదమ్మా. పక్కింటాయన చదివి చెప్పాడు. గుండు కొట్టించకపోతే బళ్ళోకి రానివ్వరంట. గుండు అంటే పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. కిరోసిన్ పోస్తే ఒక్క పూటలో చస్తాయన్నారు. నేనేం చెయ్యాలో మీరే చెప్పండి. అరవడం నాకూ వచ్చు."

నర్సు డైరీ తెరిచి చదివింది. ఆ తర్వాత నావైపు చూసింది. అప్పుడు అరవలేదు. అరిచినా బాగుండేది.

"మా వార్డుకు ఎనిమిదేళ్ళ పిల్ల వచ్చింది," అని మొదలుపెట్టింది, మందుల లిస్టు చదువుతున్న గొంతుతో. "తలలో పేలని తల్లి కిరోసిన్ రాసింది. పిల్ల పాలు వెచ్చబెట్టుకుందామని పొయ్యి వెలిగించింది. పదకొండు రోజులు ఉంది మా దగ్గర. తల్లి రోజూ మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, పేల కోసమే రాశానమ్మా, పేల కోసమే రాశానమ్మా అని నాకు చెప్పేది. పేను మనిషిని చంపదు. దురద పెడుతుంది, అంతే." డైరీ మూసి నా ముందుకు తోసింది. "ఈ చీటీ దాచుకో టీచరూ. చక్కటి దస్తూరి."

ఆ మధ్యాహ్నమే తన గది కిటికీ పక్కన వెలుతురులో స్టూలు వేసుకుని నా క్లాసు తలలన్నీ చూసింది. ఒక్కొక్కరినీ ఆ మెట్ల కింది గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి చూసింది. బల్ల మీద అరడజను పేల దువ్వెనలు పెట్టుకుంది. ఒకసారి వాడిన దువ్వెనను మరుగునీళ్ళ గిన్నెలో పడేసి ఇంకోటి తీసుకునేది. పాపిడి పాయలు పాయలుగా తీసి, మాడుకు ఆనుకుని ఉన్న ఈపులను గోటితో కదిలించి చూసేది. చుండ్రయితే రాలిపోతుంది, ఈపి అయితే వెంట్రుకను వదలదు. మాడుకు దగ్గరగా ఉన్నది బతికున్న గుడ్డు, జుట్టు పొడవునా దూరంగా జరిగిపోయింది చాలావరకు ఖాళీ డొల్ల. ఇదంతా అటెండెన్సు రిజిస్టరు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నేను కళ్ళారా చూశాను. ముప్ఫై ఎనిమిది మందిలో పంతొమ్మిది మందికి పేలున్నాయి. అంటే సగం క్లాసు. ఎవరెవరికన్నది నాకు చెప్పలేదు. అడిగితే, "నీకెందుకు? బెంచీలు చాలవు" అంది.

మర్నాడు ముప్ఫై ఎనిమిది మంది చేతుల్లోనూ అంటించిన కవర్లు పెట్టింది. అన్నిట్లోనూ ఒకటే చీటీ. దాని భాషా ఆవిడలాగే ఉంది. "మీ పిల్ల క్లాసులో పేలున్నాయి. మీ పిల్లకు లేవనుకోకండి, చూడండి. తల తడిపి, కండిషనర్ గానీ నూనె గానీ బాగా పట్టించి, సన్నపళ్ళ పేల దువ్వెనతో మాడు నుంచి చివరిదాకా పాయలు పాయలుగా దువ్వండి. ఒక్కో దువ్వుకూ దువ్వెనను తెల్లకాగితానికి తుడవండి. పేలు కనబడితే మూడు నాలుగు రోజులకోసారి ఇదే పని చెయ్యండి. వరసగా రెండు వారాలు ఒక్కటీ దొరకనిదాకా మానొద్దు. ఇంట్లో అందరి తలలూ చూడండి, మీది కూడా. ఆడపిల్లల జుట్టు జడ వేసి పంపండి. తలకు తల ఆనించి ఆడుకుంటేనే ఇవి ఎక్కుతాయి. కిరోసిన్, పురుగుల మందు తలకు తాకనివ్వద్దు. గుండు అక్కర్లేదు. సిగ్గు అంతకంటే అక్కర్లేదు."

సిగ్గు అక్కర్లేదంటే పోతుందా? సాయంత్రానికి గేటు దగ్గర తల్లులు గుమిగూడారు. ముందు వరసలో పార్లర్ ఆవిడ.

"మా ఇంటికి పేల చీటీ పంపుతావా నర్సమ్మా? మా పాపకు రోజు విడిచి రోజు తలస్నానం. నేను పదిమంది జుట్టు బాగుచేసేదాన్ని."

"శుభ్రమైన జుట్టూ మాసిన జుట్టూ పేనుకు ఒకటేనమ్మా. దానికి కావలసింది రక్తం. అది అందరిదీ ఎర్రగానే ఉంటుంది."

"నోరు అదుపులో పెట్టుకో."

"ఇంటికెళ్ళి దువ్వెన తీసుకో. నా నోటి సంగతి తర్వాత చూద్దువు."

పక్కనున్నవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో పార్లర్ ఆవిడ మొహం జేవురించింది. ఆ రోజునుంచి నర్సు పేరు పేల నర్సమ్మ అయింది. మొదట గేటు దగ్గర అన్నారు, తర్వాత పిల్లలు అన్నారు, ఆ తర్వాత స్టాఫ్ రూమ్‌లో మేమూ అన్నాం.

వారం తిరక్కుండా ఆవిడ మీద విద్యాశాఖకు ఫిర్యాదు తయారైంది. పిల్లల ముందు టీచర్లను అవమానిస్తోందనీ, తల్లిదండ్రులను తిడుతోందనీ, అనుమతి లేకుండా పిల్లల తలలు ముట్టుకుంటోందనీ రాశారు. అంతవరకు నిజమే. చివరి వాక్యం మాత్రం ఇది: "ఒకే దువ్వెనతో అందరి తలలూ దువ్వి, లేని పిల్లలకు కూడా పేలు అంటించింది." కాగితం పార్లర్ ఆవిడ తెచ్చింది, పెద్ద మేడమ్ టీ వేళకు స్టాఫ్ రూమ్‌లో తిప్పారు. బెంచీల గొడవ ఆవిడ మరిచిపోలేదు. కాగితం నా దగ్గరికి వచ్చింది. మరుగునీళ్ళ గిన్నె, అందులో తేలే దువ్వెనలు నా కళ్ళముందు మెదిలాయి. దాంతోపాటే "రెక్కలున్న పేను నువ్వెక్కడన్నా చూశావా" అన్న మాట చెవిలో మోగింది. పెన్ను తీసి సంతకం పెట్టాను.

ఇది జరిగిన రెండో రోజునుంచి నాకు తల దురద.

మొదట చెమట అనుకున్నాను. తర్వాత కొత్త షాంపూ పడలేదనుకున్నాను. ముప్ఫై ఎనిమిది మంది నోటుబుక్కులు తలకు తల ఆనించి దిద్దే మనిషిని, నాకు పేలు పడతాయన్న ఆలోచనే రాలేదు. ఒక పొద్దున టిఫిన్ తింటుండగా మా ఆడపడుచు నా వెనకగా వచ్చి, "వదినా, కాస్త కదలకు" అంది. మెడ మీదనుంచి రెండు వేళ్ళతో ఏదో తీసి వెలుతురులో పట్టుకుని చూసి, "అమ్మా, వదినకు పేలు" అని ఇల్లంతా వినబడేలా చెప్పింది. ఆ గొంతులో సంతోషం దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. నా పెళ్ళయిన మొదటి వారం నుంచీ నాకూ తనకూ ఉప్పూ నిప్పూ.

మా అత్తగారు నా తలగడను వేరే గదిలోకి విసిరేయించారు. నా తువ్వాలు దండెం చివరికి జరిగింది. మా ఆయన ముందు గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకంటే, "ఇక్కడ ఫ్యాను గాలి బాగా తగులుతోంది" అన్నాడు. భోజనాల బల్ల దగ్గర నా కుర్చీకీ పక్క కుర్చీకీ మధ్య జాగా పెరిగింది. ఇంట్లో నాకూ ఒక చివరి బెంచీ దొరికింది.

మందుల షాపులో సీసా కొని, నన్నెవరూ గుర్తుపట్టకుండా మొహం తిప్పుకుని డబ్బులిచ్చి వచ్చాను. ఒకసారి రాశాను. దురద తగ్గింది, వదిలేశాను. తొమ్మిదో రోజుకు మళ్ళీ మొదలైంది. ఇంక డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. బడిలో ఎవరికైనా తెలిస్తే బతకనిస్తారా? చివరికి ఎవరికి చెప్పుకోకూడదో ఆవిడ దగ్గరికే బయలుదేరాను.

నర్సు ఇల్లు వాచీలు బాగుచేసే కొట్టు పైన రెండు గదులు. కొట్టు ఆవిడ భర్తదే. కంటికి భూతద్దం తగిలించుకుని చిన్న చక్రాల మీదికి వంగి కూర్చున్న మనిషి, తల ఎత్తకుండానే మెట్లవైపు చెయ్యి చూపించాడు. ఆ ఇంట్లో మాట్లాడే పని మొత్తం ఆడవాళ్ళదేనని పైకి వెళ్ళాక తెలిసింది. కిటికీ పక్క మంచం మీద ఎనభై ఏళ్ళ అత్తగారు రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఉంది.

"ఎవరే వచ్చింది?"

"బడి టీచరు."

"నీ మీద కాగితం రాసిన టీచరేనా?"

"చాలామంది రాశారు అత్తయ్యా. ఈవిడ వాళ్ళలో ఒకతి."

"దేనికొచ్చింది?"

నర్సు నా మొహం చూసింది. నేను కుడి చెవి వెనక గోక్కోవడం అప్పుడు ఆపాను. "తలకొచ్చింది" అంది.

"అయితే నున్నగా గొరిగి పంపు" అని ముసలావిడ రేడియో సౌండు తగ్గించింది, మిగతాది వినడానికి.

నన్ను కూర్చోమనలేదు. కిటికీ దగ్గర స్టూలును కాలితో నావైపు తోసింది. తల తడిపి, గుప్పెడు కండిషనర్ పట్టించి, మామూలు దువ్వెనతో చిక్కు తీసి, తర్వాత పేల దువ్వెన అందుకుంది. మాడుకు ఆనించి లాగిన ప్రతిసారీ నా ఒడిలో పరిచిన తెల్లకాగితం మీద తుడిచేది. మొదటి దువ్వుకే మూడు రాలాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

"కళ్ళు తెరువు. చూడు. నీ రక్తం తాగినవి నీకు తెలియొద్దా?"

"మా ఆడపడుచు చూసి ఇల్లంతా చాటింది. మందు రాశాను సిస్టర్. ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చాయి."

"మందు పేలను చంపుతుంది, గుడ్లన్నిటినీ చంపదు. వారం పది రోజుల్లో అవి పొదుగుతాయి. అందుకే సీసా మీద రెండోసారి ఎప్పుడు రాయాలో రాసి ఉంటుంది. చదవలేదా? డైరీల్లో రాయడమేనా, చదవడం లేదా?"

దువ్వెన మాడు మీద గట్టిగానే పడుతోంది. కావాలని గట్టిగా లాగుతోందో, ఆవిడ చెయ్యే అంతో నాకు ఇప్పటికీ తెలియదు.

"తలగడ గలేబు, తువ్వాలు వేడినీళ్ళలో ఉతుకు, దువ్వెనలు నానబెట్టు. ఇల్లంతా మందు చల్లించకు. తల దిగిన పేను ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. మీ ఇంట్లోవాళ్ళందరి తలలూ చూడు. ముందు ఆ ఆడపడుచుది."

"ఆమె చూడనివ్వదు."

"అయితే దానికున్నవి దాంతోనే ఉంటాయి. మళ్ళీ నాలుగో రోజు రా."

మెట్లు దిగబోతూ ఆగి, అడగకుండా ఉండలేక అడిగాను. "నా మీద ఇంత కోపం పెట్టుకుని ఎందుకు చేస్తున్నారు?"

"నీ కోసమని ఎవరన్నారు? నీ తల పక్కన రోజూ ముప్ఫై ఎనిమిది తలలుంటాయి." తలుపు వేసేసింది. లోపలినుంచి ముసలావిడ గొంతు వినబడింది. "గొరగమన్నానా లేదా?"

ఎనిమిదిసార్లు వెళ్ళాను. మూడో విడతకు కాగితం మీద రెండే పడ్డాయి, నాలుగో విడతనుంచి ఏమీ లేవు. అయినా రెండు వారాల లెక్క పూర్తయ్యేదాకా రమ్మంది. ఆ ఎనిమిది రోజుల్లో నన్ను ఒక్కసారీ మంచినీళ్ళు తాగమనలేదు. ఇంట్లో మా ఆడపడుచు తానే ఒకరోజు దువ్వెన పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. మొహం మాడ్చుకుని, "నాక్కూడా ఉన్నట్టున్నాయి" అంది. ఆమె తల దువ్వుతూ నేను పొందిన ఆనందం గురించి చెప్పుకోవడం మర్యాద కాదు.

లాండ్రీ ఆవిడ కూతుర్ని ఈలోపు రెండో బెంచీకి మార్చాను. మధ్యాహ్నం వేళ నర్సు గదిలో దువ్వించుకునే పిల్లలు వస్తూ పోతూ ఉండేవాళ్ళు. పార్లర్ ఆవిడ కూతురు కూడా నీళ్ళ సీసా మరిచిపోయినట్టు నటిస్తూ అటే వెళ్ళడం నేను రెండుసార్లు చూశాను.

విచారణకు అధికారి వచ్చిన రోజు పెద్ద మేడమ్ గదిలో కుర్చీలు చాలలేదు. ఫిర్యాదు చదివారు. ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చారు. అందరూ సంతకం తమదేనన్నారు. నా వంతు వచ్చింది.

"సంతకం నాదే సార్. దువ్వెన సంగతి మాత్రం అబద్ధం. ఆవిడ దగ్గర ఆరు దువ్వెనలున్నాయి, ఒకసారి వాడింది మరుగునీళ్ళలో వేసేది. నేను చూశాను. చూసి కూడా సంతకం పెట్టాను. నాక్కూడా పేలు పడ్డాయి. ఆవిడే తీసింది."

నా పక్కన కూర్చున్న సైన్సు టీచరు కుర్చీ కాస్త అవతలికి జరుపుకుంది.

పార్లర్ ఆవిడ లేచింది. "విన్నారా సార్? టీచరుకే పేలు. మా పిల్లలకు ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది. ఈవిడను క్లాసునుంచి తీసేయాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ అమ్మాయి మధ్యాహ్నం ఎక్కడికి..." అన్నానో లేదో, బల్ల మీద అరచెయ్యి పడిన చప్పుడైంది.

"నోరు ముయ్యి టీచరూ." నర్సు లేచి నిలబడింది. "ఏ పిల్ల తల గురించీ ఈ గదిలో మాట రాకూడదు. ఇక్కడున్న పెద్దవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కొరుక్కోండి, నాకు అభ్యంతరం లేదు. పిల్లల జోలికి పోవద్దు."

పార్లర్ ఆవిడ ఆ మాట వింటూ కూర్చుండిపోయింది. ఆవిడ మొహంలో కృతజ్ఞత లాంటిదేమైనా కనబడుతుందేమోనని చూశాను. ఏమీ లేదు. తనకు తెలిసిన గుట్టు ఇంకొకరికి తెలుసన్న కోపం మాత్రమే ఉంది.

అధికారి తేల్చింది సగం సగంగా ఉంది. దువ్వెన ఆరోపణ కొట్టేశారు. తలలు చూడడానికి ఏడాది మొదట్లో తల్లిదండ్రుల సంతకం తీసుకోమన్నారు. మాట తీరు మార్చుకోవాలని నర్సుకు మెమో ఇచ్చారు. ఆవిడ మెమో అందుకుని అక్కడే చదివి, "ఇందులో రెండు అక్షర దోషాలున్నాయి" అని అధికారికి చూపించింది. నాకు థాంక్స్ చెబుతుందేమోనని వరండాలో ఆగాను. "మొదటే రాయకపోతే ఇంత నాటకం ఉండేది కాదుగా" అని దాటుకుని వెళ్ళిపోయింది.

ఆ టర్ము ఆఖరుకు నా క్లాసులో మూడు తలలు మిగిలాయి. సెలవుల తర్వాత మళ్ళీ ఏడయ్యాయి. ఆవిడ మళ్ళీ స్టూలు వేసుకుంది. ఏటా ఇదే వరస. పూర్తిగా పోవడమంటూ లేదనీ, చూస్తూ ఉండడమే పని అనీ మెల్లగా అందరికీ అర్థమైంది. సోమవారం తల చూసుకోవడం చాలా ఇళ్ళలో అలవాటయింది. పేల నర్సమ్మ అన్న పేరు మాత్రం పోలేదు. నర్సు ఎదురుపడితే పార్లర్ ఆవిడ ఇప్పటికీ మొహం తిప్పుకుంటుందని విన్నాను. లాండ్రీ ఆవిడ కూడా అంతే. ఒకసారి గేటు దగ్గర నాతో అంది, "ఆమె నా పిల్లకు చేసింది మంచే. నలుగుర్లో నువ్వు తల్లివా అన్నది చూడండి, అది మాత్రం నేను మరిచిపోను." నన్ను ఏమీ అనలేదు. అనడానికి కూడా తగననుకుందేమో.

ఆ పిల్ల ఐదో తరగతి అయ్యాక వేరే బడికి మారింది. టి.సి. తీసుకోవడానికి వచ్చినప్పుడు అడిగాను, నా మీద కోపం పోయిందా అని. "లేదు టీచర్" అంది. చదువులో ఎప్పుడూ తప్పు జవాబు చెప్పని పిల్ల. జడ రెండు మడతలుగా వేసి గట్టిగా కట్టుకుని ఉంది.

నర్సు నాలుగేళ్ళ తర్వాత రిటైరైంది. వీడ్కోలు సభ పెడతామంటే వద్దంది. ఎందుకని పెద్ద మేడమ్ అడిగితే, "మీరు నా గురించి మంచి మాటలు వెతుక్కోవాలి, పాపం. దొరకవు" అంది. ఇప్పుడు ఆ వాచీల కొట్టు పైనే ఉంటోంది. అత్తగారు పోయింది. సాయంత్రాలు మెట్ల మీద తల్లులూ పిల్లలూ వరసకట్టి కూర్చుంటారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు, తిట్లు మాత్రం అందరికీ సమానంగా పంచుతుంది.

పోయిన నెల అటువైపు పనిపడి పైకి వెళ్ళాను. కిటికీ దగ్గర ఒక చిన్నపిల్ల తల ముందుకు వంచి కూర్చుని ఉంది, తల్లి పక్కన నిలబడి ఉంది. నర్సు నన్ను చూసి, "ఎవరి తల?" అంది.

ఎవరిదీ కాదు, ఊరికే చూసి పోదామని వచ్చానన్నాను.

"అయితే వెలుతురుకు అడ్డం తప్పుకో" అని, దువ్వెనను కాగితానికి తుడిచింది.